బోర్లించిన పుట్టి

కెంచనగుడ్డ
9-3-1958

చిరంజీవి ఇంద్రసేనకు,

అక్క దీవెనలు. మీ బావ పంటినొప్పి తప్ప ఇక్కడ అందరం బాగున్నాం.

నువ్వు మద్రాసు నుంచి పంపిన రంగుగొట్టాలు, కుంచెలు, టర్పెంటైను సీసా పగలకుండా చేరాయి. చదువుకునే రోజుల్లో నువ్వు సెలవులకు వచ్చినప్పుడల్లా బట్ట సాగదీసి చట్రానికి కొట్టింది నేను, వడ్రంగి బంక కాచి పూసింది నేను, కుంచెలు కడిగింది నేను. బొమ్మ వేసింది నువ్వు. ఈసారి బట్టా నాదే, బొమ్మా నాదే. నీకు నవ్వులాటగా ఉంటే ఇప్పుడే నవ్వేసెయ్యి, మళ్ళీ అడగను.

రేవు దగ్గర ఏటిని వేస్తున్నాను. నువ్వు చెప్పినట్టే కాలిన మట్టిరంగులో టర్పెంటైను బాగా కలిపి, నీళ్ళమజ్జిగలాగా పలచన చేసి బట్టంతా పూశాను. ఆరకముందే గుడ్డతో తుడిచి వెలుతురు తీశాను. పైన ఆకాశం కొంచెం, కింద ఏరు మొత్తం. ఎదుటి గట్టు మటుకు ముదురుగా వదిలాను.

మన తిమ్మత్త సంగతి నీకు తెలుసు కదా. నీకు మేనత్తే గాని నాకు అత్తగారు కూడాను. "ఇంటినిండా సెనక్కాయలు వొలిచే పని ఉండాది, నువ్వేమో ఎండలో కూసోని గుడ్డకు మన్ను పూస్తాండావు. సూసినోళ్ళు ఏమనుకుంటారు?" అంది. "అనుకోనీలే అత్తా, వాళ్ళకూ పొద్దుపోవద్దా" అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజుల్లో పూత చక్కగా ఆరింది.

తర్వాత ఏం చేయాలో వెంటనే రాయి.

నీ అక్క
సుభద్రమ్మ


మద్రాసు
17-3-1958

అక్కకు నమస్కారాలు.

నవ్వలేదు. నిజం చెప్పాలంటే కొంచెం నవ్వాను, తర్వాత సంతోషించాను.

మొదటి పూత బాగానే కుదిరినట్టుంది. ఇక ముదురు రంగులు ముందు పెట్టు. నీడలన్నీ పలచగా, టర్పెంటైనుతోనే. నూనె తర్వాత. కింద పలచన, పైన చిక్కన అన్న సంగతి మరచిపోతే పై రంగు పగులుతుంది.

ఒక్కటి అర్థం కాలేదు. ఏటికంతా ఒకే వెలుతురు తీశానన్నావు. నీళ్ళు అలా ఉండవక్కా. లోతు ఉన్నచోట ముదురు ఉండాలి. రేవుబండ కింద మడుగు ఉంది కదా, అక్కడ దాదాపు నల్లగా ఉండాలి. నడి వేసవిలో కూడా నా గొంతు దాకా వచ్చేది. అమ్మ నా నడుముకు సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పింది అక్కడే. ఇక్కడ బడిలో డ్రాయింగు చెప్పి చెప్పి విసుగొచ్చిన సాయంత్రాలు ఆ మడుగే తలచుకుంటాను. దాన్ని సరిగ్గా వెయ్యి.

ఇంద్రసేన


కెంచనగుడ్డ
2-4-1958

ఒరే ఇంద్రా,

దీవెనలు తర్వాత. నువ్వు ఊరొదిలి పదేళ్ళయింది. ఎగువన ఆనకట్ట కట్టిన తర్వాత ఒక్క వేసవికీ రాలేదు. నీళ్ళు అక్కడే నిలిచి కాలువల్లోకి పోతున్నాయి. కాలువ కింది ఊళ్ళలో వరి పండుతోంది, వాళ్ళ తిండి చూసి నాకు కడుపుమంట లేదు. మన రేవులో మాత్రం ఈ నెలల్లో ఇసుకే. నీ మడుగులో ఆడవాళ్ళం చెలమలు తవ్వి, చిప్పతో తోడి బిందె నింపుకుంటున్నాం. వేసవిలో కొంచెమైనా నీళ్ళు వదలమని ఊరంతా కలిసి అర్జీ పెట్టారు. ఆ అర్జీలో నా సంతకం కూడా ఉంది.

ముదురు రంగులు పెట్టాను. బండల నీడలు, ఎదుటి గట్టున తుమ్మచెట్లు, నడుమ ఇసుకలో దురుగప్ప పుట్టి, ఆ గుండ్రటి తోలుపడవ. మనల్ని చిన్నప్పుడు ఏరు దాటించిన దురుగప్పే. ఇప్పుడు దాటించడానికి ఏముంది, జనం చెప్పులు చేత పట్టుకుని నడిచిపోతున్నారు. పుట్టిని బోర్లించి పెట్టి, మోక ఊరి దగ్గర రోడ్డు పనికి కంకర కొట్టడానికి పోతున్నాడు. పుట్టి తోలు ఎండకు పగిలింది.

మొన్న అటుగా వచ్చి బొమ్మ చూశాడు. "ఏమమ్మా, నా పుట్టిని బోర్లించి పెట్టినావు?" అన్నాడు.

"నువ్వే గదప్పా బోర్లించింది."

"హౌదు గదా, నేనే," అని నవ్వి, బీడీ ముట్టించుకుని పోయాడు.



సుభద్ర


మద్రాసు
11-4-1958

అక్కకు,

నీ ఉత్తరం చూసి బాధపడ్డాను గానీ పూర్తిగా నమ్మలేకపోతున్నాను. ఆనకట్టతో మన జిల్లా పచ్చబడిందని పత్రికల్లో చదువుతున్నాం. అంత పెద్ద ఏరు చుక్క లేకుండా పోతుందా?

నాకు తోచింది చెబుతాను, కోపగించుకోకు. నీళ్ళు వేయడం కష్టం. చేయి తిరిగినవాళ్ళకే కష్టం. అది రాక ఇసుక అని సర్దుకుంటున్నావేమో. సిగ్గుపడాల్సిన పని లేదు. ఇక్కడి ఏటిది ఒక అచ్చు బొమ్మ పంపుతున్నాను, నీళ్ళూ నీడలూ ఎలా వేశారో చూసి దింపు.

లేదంటే బావ నిన్ను ఏటి దాకా పోనివ్వడం లేదా? ఇంట్లో కూర్చుని ఊహించి వేస్తున్నావా? అత్తా బావా ఎలాంటివాళ్ళో నాకు తెలియనిది కాదు. బావకు విడిగా ఒక కాగితం రాశాను. నీకు ధైర్యం లేకపోతే చింపెయ్యి.

ఇంద్రసేన


కెంచనగుడ్డ
26-4-1958

ఇంద్రసేనకు,

నాకు ధైర్యం ఉంది కాబట్టి ఇచ్చాను. మీ బావ నడవలో కూర్చుని గట్టిగా చదివాడు. 'కళను తొక్కిపెట్టే మోటు సేద్యగాడు' అన్నచోట ఆగి, "మోటు అంటే నన్నేనా మే?" అని అడిగాడు. 

రోజూ తెల్లారగానే ఆ చట్రాన్ని భుజాన పెట్టుకుని ఏటిదాకా మోసేది ఆ మోటు మనిషే. ఎండ ముదిరేదాకా తుమ్మచెట్టు కింద కూర్చుని, గాలికి చట్రం పడిపోకుండా తాడు పట్టుకుంటాడు. ఇంతవరకు బొమ్మ బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. నీ కాగితం మడిచి నా చేతికిస్తూ, "మీ తమ్మునికి ఏరు కలలో కనపడతాండాది లే. ఆయప్ప మీద కోపమేంది?" అన్నాడు. తను కోపం లేదన్నాడు గానీ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఆయనకు నువ్వు క్షమాపణ చెప్పాలి.

అచ్చుబొమ్మ తిరిగి పంపుతున్నాను. కొబ్బరిచెట్లు మన ఏటి గట్టున మొలవవు.

పనిలో ఒక పొరపాటు చేశాను. నువ్వు పంపిన అవిసెనూనె అయిపోతే, నూనె నూనే కదా అని గానుగ నుంచి తెచ్చిన సెనగనూనె కలిపి ఆకాశం వేశాను. వారం గడిచినా వేలికి అంటుతూనే ఉంది. ఈ లోగా గాలి లేచి నల్లరేగడి దుమ్మంతా దానిమీద కూర్చుంది. అట్లకాడతో గీకి, టర్పెంటైనుతో తుడిచి మళ్ళీ వేశాను, ఈసారి కుసుమనూనెతో. అది ఆరుతోంది. తిమ్మత్త తన అట్లకాడ కోసం రెండు పూటలు వెదికింది.

ఇసుక రంగు తేలిగ్గా దొరకలేదు. తెలుపులో పచ్చమట్టి కలిపితే పిండిలా ఉంది. పొద్దున బండనీడ పడినచోట ఊదా ఉంటుందని కూర్చోగా కూర్చోగా కనబడింది. దాన్ని వేశాక ఇసుక కాలడం మొదలుపెట్టింది.

తెక్కలకోటలో పెళ్ళికి వచ్చిన ఫోటో ఆయనను బతిమాలి బొమ్మను ఫోటో తీయించాను. జతపరిచాను.

అక్క


మద్రాసు
6-5-1958

అక్కా,

ఎంత పని చేశావు. ఇన్నాళ్ళూ ఇసుక ఇసుక అని నన్ను ఆటపట్టించావా? ఫోటో చూసి కుర్చీలోంచి లేచాను. ఎంత బాగా వచ్చాయి నీళ్ళు! గట్టు నుంచి గట్టుకు తెల్లగా మెరుస్తూ, ఎండ పడ్డ ఏరు ఎలా ఉంటుందో అలా ఉంది. నడుమ ఆ నల్లటి గుండ్రనిది ఎనుమా? నీళ్ళలో పడుకున్నట్టు భలే కుదిరింది.

మా చిత్రకారుల సంఘం దసరాకు బళ్ళారిలో ప్రదర్శన పెడుతోంది. నీ బొమ్మ పేరు ఇచ్చేశాను, 'నిండు తుంగభద్ర' అని. అందరికీ ఫోటో చూపించాను. మా అక్క వేసింది అని చెప్పుకోవడం ఎంత గర్వంగా ఉందో.

బావకు నా క్షమాపణలు చెప్పు. నేను తొందరపడ్డాను.

ఇంద్రసేన


కెంచనగుడ్డ
15-5-1958

ఇంద్రసేనకు,

అది ఇసుక. ఫోటోలో తెల్లగా ఉంటే నీళ్ళు అనుకున్నావు. ఆ నల్లటిది ఎనుము కాదు, దురుగప్ప పుట్టి. పోయిన ఉత్తరాల్లో రెండు సంగతులూ రాశాను. చదవడం నీకు ఎవరు నేర్పారు?

పేరు మార్పించు. 'వేసవిలో కెంచనగుడ్డ రేవు' అని పెట్టు.

సుభద్రమ్మ


మద్రాసు
28-7-1958

అక్కకు నమస్కారాలు.

రెండు నెలలు రాయకపోవడానికి నీ ఉత్తరమే కారణం. ఇప్పుడు పత్రికలో చదివాను, ఆనకట్ట తలుపులు ఎత్తారట, ఏరు గట్లు ఒరుసుకుని పారుతోందట. మరి ఇప్పుడు నిండు తుంగభద్రే కదా? ఇద్దరం గెలిచినట్టే. ఇసుక మీద పలచగా నీలం, ఆకుపచ్చ పూత వేస్తే చాలు, నీళ్ళయిపోతుంది. పుట్టి కింద నాలుగు గీతలు గీస్తే తేలుతుంది. ఒక్కరోజు పని. జాబితా అచ్చుకు పోయింది, పేరు మార్చడం కుదరలేదు.

ప్రదర్శనకు వచ్చేవాళ్ళు సంతోషం కోసం వస్తారక్కా. ఎండిన ఏటిని చూడటానికి ఎవరొస్తారు?

ఇంద్రసేన


కెంచనగుడ్డ
19-8-1958

ఇంద్రసేనకు,

ఎవరూ రాకపోతే నేను వచ్చి చూసుకుంటాను.

ఏరు నిండుగా పారుతున్న మాట నిజమే. దురుగప్ప పుట్టికి కొత్త తోలు కట్టి జనాన్ని దాటిస్తున్నాడు. అందుకు అందరికంటే సంతోషించింది నేను. అయితే నేను వేసింది శ్రావణం కాదు, చైత్రం. వానాకాలంలో నిండింది కాబట్టి వేసవిలో మేం చెలమలు తవ్వలేదా? వచ్చే చైత్రంలో మళ్ళీ తవ్వుకోమా?

బొమ్మ పూర్తయింది. రైలు పార్సిలులో నీకు పంపుతున్నాను. చివర్లో ఎదుటి గట్టు మీద పలచని పచ్చపూత వేసి, దూరంగా కనబడేలా వెనక్కి నెట్టాను. పుట్టి పగుళ్ళు సన్నకుంచెతో తీర్చాను. కింద ఇసుకలో ఎర్రమట్టి రంగుతో నా పేరు రాశాను. తిమ్మత్తకు చదవడం రాదు గానీ, వేలు పెట్టి, "ఇది నీ పేరేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ వేలు మళ్ళీ ఒకసారి ఆ అక్షరాల మీదుగా పోనిచ్చింది. రంగు ఆరింది కాబట్టి సరిపోయింది.

నువ్వు చేయాల్సింది మంచి చట్రం కట్టించి బళ్ళారికి పంపడం. అంతే. బొమ్మ మీద కుంచె పెట్టవద్దు. ఇది అక్కగా అడుగుతున్నాను అనుకోకు, వేసిన మనిషిగా చెబుతున్నాను.

సుభద్రమ్మ


మద్రాసు
8-10-1958

అక్కకు,

బొమ్మ బళ్ళారి చేరింది. ఊదారంగు నీడలు చూసి నేనే ఆశ్చర్యపోయాను, అది నేను నేర్పింది కాదు. చట్రం టేకుతో కట్టించాను. అక్కడక్కడ కొంచెం సర్దాను, పేరుకు తగ్గట్టుగా. నువ్వు గుర్తుపట్టలేనంత ఏమీ కాదు. నాకు సెలవు దొరకలేదు, మీరందరూ వెళ్ళి చూడండి.

ఇంద్రసేన


కెంచనగుడ్డ
24-10-1958

ఇంద్రసేనకు,

వెళ్ళాం, చూశాం. నేనూ, మీ బావా, బళ్ళారి చూసి చాలా రోజులైందని తిమ్మత్తా.

గోడకు నా బొమ్మ ఉంది. ఇసుక ఉన్నచోటంతా నీలం నీళ్ళు. పుట్టి వెల్లకిలా తిరిగి తేలుతోంది. అందులో తెడ్డు పట్టుకుని ఒక మనిషి. కింద నా పేరు ఉన్నచోట కూడా నీళ్ళే. నా పేరు మునిగిపోయింది. కావాలని ముంచావని అనను, నీకు కనబడి కూడా ఉండదు.

 కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి పక్కవాళ్ళకు చూపిస్తున్నాడు. "కెంచనగుడ్డవాళ్ళు ఎండాకాలం నీళ్ళు లేవని అర్జీలు పెడతాంటారు. ఆ ఊరామె రాసిన బొమ్మే సూడండప్పా, ఎంత నిండుగా ఉండాదో." అందరూ తలలూపారు.

ఆ అర్జీలో నా సంతకం ఉంది. ఈ బొమ్మ మీద కూడా నా పేరే అంటించారు. రెండింట్లో ఒకటి అబద్ధమని ఊరు ఊరంతా అనుకోవాలా?

మీ బావ చేయి పట్టుకుని బయటికి వచ్చి, బండ్లకు రంగులేసే అంగడిలో టర్పెంటైను సీసా కొనిపించాను. ఆయన తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి బొమ్మను గోడ నుంచి దించి, బల్ల మీద పెట్టి తుడవడం మొదలుపెట్టాను. నీ రంగు ఇంకా పచ్చిగానే ఉంది, తువ్వాలుకు ఊడి వచ్చింది. నాది నెలల కిందట ఆరింది, కదల్లేదు.

హాలు కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. తిమ్మత్త అడ్డం నిలబడింది. నన్ను ఎండలో మన్ను పూస్తున్నావన్న తిమ్మత్తే. "సుమ్నె ఉండప్పా, ఊరికే ఉండు. ఆయమ్మ బొమ్మ ఆయమ్మ తుడుసుకుంటాది. నీకేం పోయ్యేది?" అంది. అతను మరి ముందుకు రాలేదు.

ముందు పుట్టిలో మనిషి పోయాడు, తర్వాత నీళ్ళు పోయాయి. ఇసుక వచ్చింది. పుట్టి మళ్ళీ బోర్లా పడింది. అన్నిటికంటే చివర నా పేరు బయటపడింది. అంతా అయ్యాక ఆ పెద్దమనిషి వైపు తిరిగి, "నేనేనప్పా ఆ ఊరామెను. ఎండాకాలం మా ఏరు ఇట్ల ఉంటాది," అన్నాను. ఆయన చట్రం చాలా బాగుందన్నాడు.

బొమ్మను తిరిగి గోడకు పెట్టే వచ్చాను. తీసేస్తే వాళ్ళ చేతులతో తీసేసుకోనీ.

అక్క


మద్రాసు
2-11-1958

అక్కకు,

నలుగురిలో నా తల తీసేశావు. సంఘంవాళ్ళు, మీ అక్క ఏమిటి ఇలా చేసిందని అడుగుతున్నారు. వాళ్ళకేం చెప్పను? నీకు పేరు రావాలనే కదా అంత కష్టపడ్డాను. రెండు రాత్రులు కూర్చుని ఆ నీళ్ళు వేశాను.

ఎందుకు వేశానో ఒక్క మాట చెబుతాను, ఆ తర్వాత నన్ను తిట్టినా సరే. జాబితా కోసం కాదు. ఆ పార్సిలు విప్పితే రేవుబండ కింద ఇసుకే ఉంది. అమ్మ లేదు. ఇల్లు అమ్మేశాం. ఆ ఊళ్ళో నాదని చెప్పుకోవడానికి ఆ మడుగు ఒక్కటి మిగిలింది. అది కూడా లేదని మా అక్కే రంగులతో రాసి పంపితే నేను ఏ ఊరివాణ్ణి? భరించలేకపోయాను. నింపేశాను.

ఇంద్రసేన


కెంచనగుడ్డ
16-11-1958

చిరంజీవి ఇంద్రసేనకు,

అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. చదివి వినిపిస్తే మీ బావ లేచి గొడ్ల దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు. అయినా నేను చేసింది తప్పని మాత్రం రాయను.

ఆ మడుగు నీ ఒక్కడిదే కాదు. అమ్మ నీ నడుముకు బుర్రలు కడుతుంటే నీ చొక్కా పట్టుకుని బండ మీద నిలబడింది నేను. నువ్వు మునిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది నేను. నువ్వు వెళ్ళిపోయి దాన్ని నిండుగా దాచుకున్నావు. నేను ఇక్కడే ఉండి అది ఏడాదికి కొంచెం కొంచెం తగ్గిపోవడం చూశాను. నీకు బాధ ఉందని నా కళ్ళు అబద్ధం చెప్పాలా?

బళ్ళారిలో బొమ్మను తీసేయలేదు. 'నిండు తుంగభద్ర' అన్న పేరు చీటీ మాత్రం చించేశారట. చీటీ లేకుండానే ప్రదర్శన ముగిసేదాకా గోడ మీద ఉంది. ఇప్పుడు మా నడవలో ఉంది. ఊళ్ళో అందరూ ఒకసారి వచ్చి చూసిపోయారు.

ఈ ఉత్తరంతో పాటు రైల్లో ఒక పార్సిలు పంపుతున్నాను. అందులో చట్రానికి బిగించిన బట్ట ఉంది. మునుపటిలాగే బంక నేనే కాచి పూశాను, తెలుపు నేనే పట్టించాను. మొదటి పూత మాత్రం వేయలేదు, అది నువ్వే వేసుకోవాలి. ఆ మడుగును నీకు గుర్తున్నంత లోతుగా వెయ్యి. అమ్మను కూడా వెయ్యి, నాకు అమ్మ ముఖం గీయడం రాదు. కింద నీ పేరు పెద్దగా రాసుకో. ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే నేనే మద్రాసు వచ్చి అడ్డం నిలబడతాను.

నా ఇసుక మీద మాత్రం ఇంకొక్క చుక్క నీరు పోయకు.

నీ అక్క
సుభద్రమ్మ